చెన్నరాయప్ప ఇల్లు చుట్టిన మసికడవ

పాతపాళ్యం పిళ్ళప్పకు ఎండ వృథాగా పోతే ప్రాణం ఒప్పదు. కొందరికి మెతుకు నేలరాలితే మనసు చివుక్కుమంటుంది, కొందరికి నీళ్ళు ఒలికితే. పిళ్ళప్పకు మాత్రం ఎండ. ఎవరింటి ముందరైనా అరుగు మీద ఎండ పడుతూ, అక్కడ ఆరబెట్టిన వస్తువేదీ లేకపోతే, పాలు పొంగి పొయ్యిలో పడుతున్నంత కంగారు పడిపోయేవాడు. "అయ్యో, ఊరికే పోతాండాదే!" అని పరుగెత్తి, చేతికి దొరికింది తెచ్చి ఆ ఎండలో పెట్టేవాడు. చాప దొరికితే చాప, చెంబు దొరికితే చెంబు. ఏదీ దొరక్కపోతే తానే వెళ్ళి నిలబడేవాడు.

ఆ మనిషి కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. ఎండ జరిగేకొద్దీ తానూ జరగాలి. పొద్దున తూర్పుగోడ, మధ్యాహ్నం నడివాకిలి, సాయంత్రం పడమటిగోడ. దారిలో కనిపించిన ప్రతి గోడనూ, ప్రతి బండనూ పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చేతి వెనక భాగంతో తాకి చూసేవాడు. "ఈ బండ ఇంకా తాగతాండాది." "ఈ గోడకు కడుపు నిండింది, ఇంక చాలు." ఇలా గోడలతోనే మాట్లాడుకుంటూ పోయేవాడు. దారిలో మనుషులు ఎదురైతే వాళ్ళనూ భుజాలు పట్టుకొని ఎండవైపు తిప్పి, తర్వాతే క్షేమసమాచారం అడిగేవాడు.

నలుపు ఎండను తాగుతుంది, తెలుపు ఉమ్మేస్తుంది అన్నది ఆయన సిద్ధాంతం. అందుకని చలికాలం వస్తే పెనాల అడుగున మసి గీకి, కానుగనూనెలో రంగరించి, కనిపించినదానికల్లా పూసేవాడు. ఎండాకాలం వస్తే అదే చేత్తో సున్నం పూసేవాడు. గుమ్మాలు, గాదెలు, కోళ్ళగూళ్ళు అన్నీ ఏడాదికి రెండుసార్లు రంగు మారేవి. పాతపాళ్యంలో ఏ కాలం నడుస్తోందో తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు, పిళ్ళప్ప చేతులు చూస్తే చాలనేవాళ్ళు.

ఒకసారి పక్కింటి ఆమె ఆయన పెళ్ళాం మునిరత్నమ్మను మెచ్చుకుంది.

"ఏమమ్మా మునిరత్నమ్మా, మీ పెనం అడుగు వెండి తట్ట మాదిరి మెరుస్తాండాదే! ఏం పెట్టి తోముతావు?"

"తోమేది యాడమ్మా! మా ఇంటాయన గీక్కొని పోతాడు. లోపలి పక్క కొంచెం తోమిపెట్టప్పా అంటే మాత్రం, అందులో మసి లేదు అంటాడు."

ఎండ మీద ఇంత ప్రేమ ఉన్న మనిషికి ఆ ఊళ్ళో ఒకే ఒక శత్రువు. ఆయన చెన్నరాయప్ప.

చెన్నరాయప్ప సామాన్యుడు కాదు. మైసూరు రాష్ట్రంలో కొత్తగా పంచాయితీలు పెట్టిన రోజుల్లో పాతపాళ్యానికి అధ్యక్షుడు. తెల్లటి తలపాగా, మెలితిప్పిన మీసం. ఎక్కడ నలుగురు కనిపించినా, అడిగినా అడక్కపోయినా, తన ఘనకార్యాలు వరసగా చెప్పేవాడు. ఆ వరస ఊళ్ళో పిల్లలకు ఎక్కాలకంటే బాగా వచ్చు.

"బాగేపల్లి నుంచి మనూరికి బస్సు తెప్పించింది ఎవురు? నేను. శాలెకు పెంకులు కప్పించింది ఎవురు? నేను. అదే శాలెలో నాలుగో క్లాసు పరీక్షలో మేష్ట్రు చేత శభాష్ అనిపించుకునింది ఎవురు? నేనే. ఇంక మా అక్క అక్కయమ్మ ఉండాది చూడు, ఈ వయసులో, ధనుర్మాసం చలిలో, తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకుంటాది. చింతామణి దాకా పొయ్యి ఎతికినా అట్లాంటి అక్క ఎవురికైనా ఉండాదా?"

వరస ఎటు నుంచి మొదలైనా చివర మాత్రం అక్కయమ్మ చన్నీళ్ళే. దానికి కారణం ఉంది. చెన్నరాయప్ప చిన్నతనంలో అమ్మవారు పోసి, బతుకుతాడో లేదో అన్నట్టు పడి ఉంటే, తల్లి లేని ఆ పిల్లవాడి కోసం అక్కయమ్మ కైవారం గుడికి పోయి మొక్కుకుంది. 'నా తమ్ముడు లేచి తిరిగితే, బతికినన్నాళ్ళు పొయ్యెక్కిన నీళ్ళు ఒంటిమీద పోసుకోను' అని. తమ్ముడు లేచాడు, తిరిగాడు, అధ్యక్షుడు కూడా అయ్యాడు. అక్క మొక్కు తప్పలేదు.

ఈ వరసను ఊళ్ళో ధైర్యంగా మధ్యలో ఆపేవాడు పిళ్ళప్ప ఒక్కడే.

"శాలెకు పెంకులు కప్పించింది ఎవురు..."

"నువ్వేలే అన్నా, కొంచెం ఇట్ల తిరుగు. నీ వీపుకు ఎండ అందడంలేదు."

"ఒరే, పెద్దమనిషి మాట్లాడతాంటే..."

"మాట్లాడన్నా, ఎవురొద్దన్నారు? ఎండలో నిలబడి మాట్లాడు. ఇంకొకటి, ఆ తెల్ల పాగా తియ్యన్నా. వచ్చిన ఎండనంతా ఉమ్మేస్తాండాది."

"ఈ పాగా నేను దేవుని ముందర తప్ప యాడా తియ్యను!" అని గర్జించి చెన్నరాయప్ప వెళ్ళిపోయేవాడు. సగం చెప్పిన గొప్ప గొంతులో ముల్లులా గుచ్చుకొని ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

ఆ మాత్రానికే శత్రుత్వం అంటారా? అసలు కథ ఎద్దు దగ్గర మొదలైంది.

చెన్నరాయప్పకు పాలనురుగులాంటి ఎద్దు ఉండేది. చింతామణి పక్క పరసకు, అంటే పశువుల జాతరకు, తోలుకుపోయి నలుగురిలో మెప్పించాలని ఏడాదంతా ఉలవలు పెట్టి మేపాడు. బయలుదేరే రోజు తెల్లవారుజామున అది చలికి వణకడం పిళ్ళప్ప కంట్లో పడింది. ఇంకేముంది? పొద్దు ఏ పక్క పొడుస్తుందో ఆ పక్క మొత్తం మసి పూసేశాడు. రెండో పక్కకు పూసేలోపల మసి అయిపోయింది. చీకట్లో చెన్నరాయప్ప తెల్లపక్కన నడుస్తూ తోలుకుపోయాడు, పరసలోనూ అదే పక్క నిలబడ్డాడు.

"చూడండప్పా, హంస! ఒక్క మచ్చ చూపించండి, పాగా తీసేస్తా!"

ఇవతలి జనం తలలూపుతున్నారు. అవతలి జనం కడుపు పట్టుకొని నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో చూద్దామని చెన్నరాయప్ప ఎద్దును చుట్టి అవతలికి పోయాడు. తర్వాత చాలాకాలం చింతామణి పేరెత్తలేదు.

తిరిగొచ్చి పిళ్ళప్ప మీద విరుచుకుపడితే, ఆయన తప్పు ఒప్పుకోవడానికి బదులు ఎద్దు రెండు పక్కలా చేయి పెట్టి చూశాడు.

"అన్నా, నువ్వూ చేయి పెట్టి చూడు. నల్లపక్క ఎంత వెచ్చగా ఉండాదో! నేను చెప్పింది నిజమే!"

పిళ్ళప్ప సిద్ధాంతాలన్నిటికీ మూలం పెనమే. వేసవిలో ఒకనాడు బస్సు కోసం నిలబడి చెన్నరాయప్ప విసుక్కున్నాడు. "ఏం ఎండరా నాయనా, గాలి గూడా కాల్తాండాది!"

పక్కనే ఉన్న పిళ్ళప్ప అందుకున్నాడు. "ఎండ గాలిని కాచదన్నా. గాలిలో నుంచి దూరి వచ్చేస్తాది. నేలను కాస్తాది. నేల పెనం. ఆ పెనం మీద గాలి వేగుతాది."

"అట్లయితే నడినెత్తికి పొద్దొచ్చినప్పటికంటే, మధ్యాన్నం అన్నం తిని పడుకునే యాళకి ఎక్కువ ఉడకపోస్తాదే, ఏంటికి?"

"పొయ్యి అంటించిన గడియకే దోసె కాల్తాదా? పెనం కాగాల గదా!"

"సరే. కొండెక్కితే పొద్దుకు దగ్గరవుతాం గదా. మరి నందికొండ మీద చలేంటికి?"

పిళ్ళప్ప నందికొండ ఉన్న దిక్కుకు తిరిగి చూశాడు. బస్సు రాగానే చెన్నరాయప్పకంటే ముందు ఎక్కేశాడు. ఎక్కడికి పోయాడో మునిరత్నమ్మకే తెలియదు. చిక్కబళ్ళాపురం దాటి, నందికొండ ఎక్కి, పైన ఒంటిపంచెతో వణికి, జలుబుతో తిరిగొచ్చాడు. ముక్కు చీదుకుంటూ నేరుగా చెన్నరాయప్ప ఇంటికే వచ్చాడు.

"తెలిసిందన్నా! కొండ మీద ఉండే గాలి పెనానికి దూరం. ఇంటి కప్పెక్కి కూర్చుంటే పొయ్యి సెగ తగులుతాదా?"

"ఇది చెప్పేదానికి అంత దూరం పొయ్యొచ్చినావా?"

"నువ్వే గదన్నా అడిగింది!"

ఆ తర్వాత వచ్చిన ధనుర్మాసంలో చలి ఆ ప్రాంతం పెద్దలు కూడా ఎరగనంతగా వచ్చింది. ఆ చలిలోనే కడవ కథ మొదలైంది.

ఒకనాడు పొద్దున వేపపుల్ల నములుతూ చెన్నరాయప్ప పెరట్లోకి వచ్చేసరికి, తన తూర్పుగోడ మీద ఒక కడవ కనిపించింది. ఒళ్ళంతా మసి. మూత చుట్టూ తెల్లగా సున్నం మెత్తి ఉంది. పొలాల్లో దిష్టికి నిలబెట్టే కుండ అచ్చం అలాగే ఉంటుంది. ఎవరో మరిచిపోయి ఉంటారులే అనుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి వస్తే కడవ దక్షిణం పక్క బట్టలుతికే బండ మీదుంది. సాయంత్రం చూస్తే పడమటిగోడ మీదుంది. పొద్దు గుంకేసరికి ఎక్కడా లేదు. మర్నాడు పొద్దున మళ్ళీ తూర్పున ప్రత్యక్షం.

చెన్నరాయప్ప పుల్ల నమలడం మానేశాడు. కడవ తన ఇంటిని చుట్టి వస్తోంది!

దాయాది తిమ్మరాయప్పను గుట్టుగా పిలిచి అడిగాడు. తిమ్మరాయప్ప లోతుగా ఆలోచించాడు.

"చుట్టూ తిప్పడమంటే రెండే అన్నా. దిష్టి తియ్యడమన్నా కావాల, దిష్టి పెట్టడమన్నా కావాల. తీసేవాడైతే నీకు చెప్పి తీస్తాడు, దక్షిణ అడుగుతాడు. అడగలేదంటే..."

"అంటే?"

"నేనేం చెప్పను? నీకు బస్సుండాది, శాలె ఉండాది, అక్కుండాది. కడుపు మండేవాళ్ళు ఊరంతా ఉండారు."

ఆ మాట చెన్నరాయప్పకు భయంతోపాటు కొంచెం గర్వం కూడా కలిగించింది. కానీ భయమే ఎక్కువ. ఆ రోజు నుంచి ఆయనా కుదురుగా కూర్చోలేదు. ఆవు పాలు తగ్గాయంటే కడవ వల్లే. ఎక్కిళ్ళు వచ్చాయంటే కడవ వల్లే. సంతలో ఘనకార్యాలు చెబుతూ చెబుతూ శాలె పెంకులు మరిచిపోయి నేరుగా అక్క దగ్గరికి దూకేశాడు. అప్పుడు ఆయనకు నిజంగా చెమటలు పట్టాయి.

ఇంతలో మబ్బు పట్టింది. పొద్దు కాసేపు తొంగి చూడటం, కాసేపు దాక్కోవడం. చెన్నరాయప్ప కిటికీ సందులోంచి కాపు కాశాడు. చూస్తే ఏముంది! పిళ్ళప్ప! కడవను చంటిబిడ్డలా చంకనేసుకొని ఇంటిచుట్టూ పరుగో పరుగు. తూర్పున ఇంత వెలుతురు పడితే అక్కడ దించుతాడు. అది మాయమైతే ఎత్తుకొని పడమటికి లగెత్తుతాడు. నోట్లో ఏదో గొణుగుతున్నాడు. చెన్నరాయప్ప చెవికి అది మంత్రంలా వినిపించింది. నిజానికి పిళ్ళప్ప మబ్బును తిడుతున్నాడు. "రాతిరికి దుప్పటి, పగటికి దొంగ! రాతిరి నేల వేడిని పోనీకుండా కప్పుతావు సరే, పగలేంటికి వచ్చినావే ముండా?"

పరుగెత్తుకొచ్చి తలుపు తీసిన చెన్నరాయప్ప చేతికి పిళ్ళప్ప కడవతో సహా దొరికిపోయాడు.

మర్నాడు మబ్బు విడిచి ఎండ కాసింది. చెన్నరాయప్ప ఇంటి ముందరే పంచాయితీ. ఫిర్యాదు చేసేది ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. అందుకని ముందు నిలబడి ఫిర్యాదు చెప్పి, తర్వాత కుర్చీలో కూర్చొని తాను చెప్పింది సబబేనని తలూపాడు. కడవ నడివాకిట్లో పెట్టారు. దాని పక్కనే పిళ్ళప్ప. అందరూ నవ్వులు ఆపేశారు. ఎద్దుకు మసి పూసినవాడిని ఊరు నవ్వి వదిలేస్తుంది. చేతబడి చేశాడని పేరు పడితే ఆ ఇంటికి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు. మునిరత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకొని గుంపు వెనకాల నిలబడింది.

"చెప్పు పిళ్ళప్పా. ఈ కడవలో ఏముండాది?"

"నీళ్ళు."

"నీళ్ళలో?"

"నీళ్ళే."

"ఎవురికి పెట్టినావు?"

ఒక్క ప్రశ్నకు కొండెక్కి జవాబు తెచ్చిన పిళ్ళప్ప, ఈ ప్రశ్నకు నేల చూపులు చూస్తున్నాడు. అలాగని కుదురుగా ఉన్నాడా? లేదు. జనం నీడ కడవ మీద పడుతూ ఉంటే కాలితో దాన్ని మెల్లగా ఎండలోకి తోస్తున్నాడు.

"చూడండి, చూడండి! పంచాయితీలో గూడా తిప్పుతాండాడు!" అన్నాడు తిమ్మరాయప్ప.

"కొంచెం జరగప్పా తిమ్మరాయా. నీ నీడ పడతాండాది," అన్నాడు పిళ్ళప్ప ఉండబట్టలేక.

మునిరత్నమ్మ ఇంక తట్టుకోలేకపోయింది. "ఎవురికో చెప్పేస్తే పోతాది గదప్పా! ఇంట్లో గూడా చెప్పవు, ఈడా చెప్పవు. నోట్లో మసి కొట్టుకున్నావా?"

"చెప్పనని మాటిచ్చినా," అన్నాడు పిళ్ళప్ప.

చెన్నరాయప్ప మీసం దువ్వాడు. "అట్లయితే తీర్పు ఇదీ. నీ చేత్తో నువ్వే అందరి ముందర ఈ కడవ పగలగొట్టల్ల. చేసిన పని తప్పని ఒప్పుకోవల్ల. లేదంటే రేపట్నుంచి ఈ ఊళ్ళో నీతో మాటా లేదు, నీ ఇంటికి నిప్పూ లేదు."

పిళ్ళప్ప కడవను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. వంగి కడవను రెండు చేతులా ఎత్తాడు. అంతలో ఇంట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"ఒరే చెన్నా! ఆ కడవ పగిలిందంటే నీ చెవి మెలిపెడతా!"

జనం ఉలిక్కిపడ్డారు. అధ్యక్షుణ్ణి చెన్నా అన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. గుమ్మం పట్టుకొని అక్కయమ్మ మెల్లగా మెట్లు దిగుతోంది.

"అక్కా, నువ్వు లోపలికి పో. ఇది చేతబడి కడవ."

"చేతబడా, నీ తలకాయా! అవి నేను పోసుకునే నీళ్ళురా."

అక్కయమ్మ చివరి మెట్టు మీద కూర్చొని చెప్పసాగింది.

"ఈ చలి మొదలైన కొత్తల్లో నీళ్ళు పోసుకున్నాక నా చేతి ఏళ్ళు కట్టె మాదిరి బిగుసుకుపోయినాయి. కొప్పు గూడా ఏసుకోలేక ఈ గోడకాడ కూర్చున్నా. గోడను చూసేదానికొచ్చి ఈ పిళ్ళప్ప నా చెయ్యి పట్టి చూసినాడు. గోడే వెచ్చగుండాది గదక్కా అన్నాడు. నీళ్ళు కాచుకోమన్నాడు, మొక్కుండాది నాయనా అన్నా. ఏమని మొక్కినావక్కా అని అడిగినాడు." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఏమని మొక్కినా?"

"పొయ్యెక్కిన నీళ్ళు ఒంటిమీద పోసుకోనని."

"ఈ నీళ్ళు పొయ్యెక్కినాయా?"

చెన్నరాయప్ప కడవను చూశాడు. గోడను చూశాడు. తలెత్తి పొద్దును చూశాడు.

"లేదు," అన్నాడు చిన్నగా.

"పగలంతా ఎండలో తిప్పుతాడు. పొద్దు గుంకే ముందర మన గడ్డివామిలో లోపలికంటా పూడ్చిపెడతాడు. తెల్లారికి నులివెచ్చగా ఉంటాయి. నీళ్ళు నేల మాదిరి కాదంట, మెల్లగా కాగతాయంట, మెల్లగా ఆరతాయంట. నాకవన్నీ తెలీవు. నా ఏళ్ళు మాత్రం ముడుచుకుంటాండాయి, చాచుకుంటాండాయి." అందరికీ కనబడేలా పిడికిలి మూసి తెరిచి చూపించింది.

"నాకొక మాట చెప్పుంటే..." అన్నాడు చెన్నరాయప్ప.

"చెప్తే నువ్వు సంతలో ఏం చెప్పుకుంటావురా? నీ గొప్పల్లో చివరిది అదే గదా. అది ఊడిపోతే పాపం బిడ్డ దిగులు పడతాడని నేనే వాణ్ణి నోరు మూసుకోమన్నా."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. చెన్నరాయప్ప అటు చూడలేదు. కుర్చీలోంచి లేచి, సున్నం గీకి, మూత తీసి నీళ్ళలో చేయి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. ముక్కు మీద, మీసం మీద మసి అంటింది. చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మళ్ళీ కుర్చీలో కూర్చొని గొంతు సవరించుకున్నాడు. "ఈ పంచాయితీ తీర్పు ఏమంటే..." అని ఆగాడు. ఆయన చూపు కడవ మీద నిలిచింది. నీడ సగం దాకా ఎక్కింది.

"అందరూ ఆ పక్కకి జరగండప్పా! చూస్తాండారేంది? ఎండ ఊరికే పోతాండాది!"

మునిరత్నమ్మ కొంగు నోట్లోంచి తీసింది. ఊరంతా విరగబడి నవ్వింది. పిళ్ళప్పకు మాత్రం నవ్వే తీరిక లేదు. కడవ ఎత్తుకొని బండ దగ్గరికి అప్పటికే పరుగు తీశాడు.

ఆ తర్వాత అక్కయమ్మ కడవ పక్కన ఇంకో కడవ చేరింది, మరో ఇంట్లో ముసలమ్మకని. మరుసటి చలికాలానికి ఊళ్ళో ప్రతి గోడ మీదా నల్లకడవలు ఎండ కాచుకుంటూ కూర్చున్నాయి. మునిరత్నమ్మ పెనం ఒక్కటే చాలక, పిళ్ళప్ప ఇంటింటికీ పోయి పెనాలు గీకాడు. ఆడవాళ్ళు ఎదురొచ్చి మరీ ఇచ్చారు.

చెన్నరాయప్పకు చింతామణి మీద అలక తీరింది. సంతలో నలుగురు చేరగానే వరస మొదలుపెట్టాడు.

"బస్సు తెప్పించింది ఎవురు? నేను. శాలెకు పెంకులు కప్పించింది ఎవురు? నేను. మీ ఇండ్లల్లో నీళ్ళు ఎవురు కాస్తారప్పా? ఆడోళ్ళు. కట్టెలు ఊది ఊది కండ్లు పోగొట్టుకుంటారు. మా అక్కకు ఎవురు కాస్తారు?" ఆగి, వేలు పైకి చూపించాడు. "ఆ పైనున్నాయన! పొద్దున్నే వస్తాడు, సాయంకాలం దాకా కాస్తాడు. చింతామణి దాకా పొయ్యి ఎతికినా ఇట్లాంటి అక్క..."

అప్పుడే గుంపును తోసుకుంటూ పిళ్ళప్ప వచ్చాడు. మసి చేతులు చాచి భుజం పట్టుకోబోయాడు. ఆ చేతులు అందేలోపలే చెన్నరాయప్ప, మాట ఆపకుండా, ఒక అడుగు ఎండలోకి జరిగాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.